బీడీ కార్డు మీద నా పేరు

చచ్చిపోయినవాళ్ల గురించి చెడుగా మాట్లాడకూడదంటారు. అందుకని మా అమ్మను ఏమీ అనను. నేను బతికే ఉన్నాను కాబట్టి నన్ను ఎన్నయినా అనుకోవచ్చు, కోరుట్లలో ఎలాగూ అనుకుంటూనే ఉన్నారు. నేను చేసిన పని మాత్రం నేనే చెబుతాను. ఇంకొకరు చెబితే అందులో మా చెల్లె మీద జాలి తప్ప ఏమీ ఉండదు. నా కోపం గురించి ఎవరూ చెప్పరు.

అమ్మ పోయిన పదకొండో రోజు. కోరుట్లలో అమ్మ ఇల్లు రెండు గదులు, ముందు రేకుల వసారా. చుట్టాలు భోజనాలు చేసి చేతులు కడుక్కుంటున్నారు. చెల్లె లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అక్కా, అమ్మ వీలునామా రాయించింది. అందరున్నప్పుడే సదువు," అంది. మేమిద్దరమే ఆడపిల్లలం, అన్నదమ్ములు లేరు. నాన్న ఎప్పుడో పోయాడు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. జగిత్యాలలో బట్టల దుకాణం ఉన్న ఇంటికి కోడలిగా వెళ్లాను. చెల్లెను సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే అతనికి ఇచ్చారు. మూడేళ్లకే వాడు ఇంకో ఆడదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఇది బట్టల మూట పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చేసింది. అప్పటి నుంచి అక్కడే.

కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాను. రిజిస్టరు చేయించిన కాగితమే. 'నా వద్దనే ఉండి, బీడీలు చుట్టి నన్ను సాకిన నా బిడ్డ' అని ఉంది. ఆ వెంటనే పేరు, బీడీ కార్డు నంబరు. ఆ బిడ్డకే ఇల్లు మొత్తం.

ఆ పేరు నాది.

నేను ఆగిపోయాను. వసారాలో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెల్లె మాత్రం పకపకా నవ్వింది. పదకొండు రోజుల్లో అది నవ్వడం అదే మొదలు. "అయ్యో నా మతి మండ! కార్డు జూపిస్తే డాక్యుమెంట్ రైటర్ దాంట్ల ఉన్న పేరే రాసిండక్కా. కార్డు ఇచ్చింది నేనే. నలభై ఏండ్ల సంది చుట్టిన కార్డు, నాది గాకపోతదా అనుకున్న. నువ్వే జర దిద్దిపియ్యి," అంది.

అలా ఎలా జరిగిందంటే, మా వైపు తప్ప ఇంకెక్కడా జరగదు. బీడీ కంపెనీ వాళ్లు మా గల్లీకి వచ్చి కార్డులు రాసినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు, చెల్లెకు పదకొండు. పిల్లలకు కార్డు ఇవ్వరు, కార్డు లేనిదే ఆకు, తంబాకు ఇవ్వరు. "పెద్దదాని పేరు మీద రాయుండ్రి," అంది అమ్మ. నేను ఫొటో ఇచ్చాను, సంతకం పెట్టాను, మర్నాడు పుస్తకాలు పట్టుకుని జగిత్యాల కాలేజీకి బస్సెక్కాను. చెల్లెను అయిదో తరగతి మాన్పించి చాట ముందు కూర్చోబెట్టారు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం ఆరు నెలల్లో దానికి వచ్చేశాయి. నేను సాయంత్రం ఇంటికొచ్చి చాట దగ్గరికి పోతే అమ్మ కసురుకునేది. "నువ్వు ముట్టకు. తంబాకు వాసన పుస్తకాలకు వడ్తది. పోయి సదువుకో." ఎన్నడూ ముట్టలేదు. నా డిగ్రీ ఆ చాటలోంచే వచ్చింది. తెలియదని అబద్ధం ఆడను.

బీడీల కార్ఖానాలో గుమాస్తా కార్డు చూసి నా పేరు పెట్టి పిలిస్తే చెల్లె లేచి పోయేది. ఏళ్లు గడిచేసరికి అక్కడ ఆ పేరు దానిదే అయిపోయింది. కార్ఖానా నుంచి ఎవరైనా వచ్చి ఆ పేరుతో వాకబు చేస్తే అమ్మ కూడా, "ఏ, చిన్నదానా, నీకోసమొచ్చిన్రు," అని కేకేసేది. ఇంట్లో నన్ను పెద్దది అనే పిలిచారు కానీ బడిలో పెట్టిన పేరు ఎవరి నోటా రాలేదు. మంచాన పడకముందు రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం చదివి వినిపించినప్పుడు ఆ పేరు విని అమ్మ తలూపిందట. పక్కన అమ్మ భుజం పట్టుకుని నిలబడ్డ చెల్లె కూడా తలూపిందట. నా పేరు విని ఇద్దరికీ నేను గుర్తుకు రాలేదు.

ఇది మా ఇంటి ఒక్క కథే కాదు. మా గల్లీలో సగం మంది ఆడవాళ్లు అత్త కార్డు మీదో, పెళ్లయిపోయిన ఆడబిడ్డ కార్డు మీదో చుడతారు. కార్డున్నవాళ్లు వేరు, చుట్టేవాళ్లు వేరు. ఆకు ఇచ్చే ఏజెంటుకు అంతా తెలుసు. ఎవరూ ఎవరినీ అడగరు.

వీలునామాలో ఆ కింద ఇంకో వాక్యం ఉంది. చెల్లె నవ్వుతుండగా నేను దాన్ని కూడా పైకి చదివాను. 'నా ఇంకొక బిడ్డకు ఇయ్యవలసినదంతా ఇచ్చినాను. ఈ ఇంటిలో ఆమెకు ఏ హక్కూ లేదు.'

ఆ ఇంకొక బిడ్డను నేనే. పేరు తప్పు పడింది కాబట్టి కాగితం ప్రకారం ఆ మాట చెల్లె నెత్తిన పడింది గానీ అమ్మ అన్నది నన్నే. పది మంది ముందు, నా నోటితో నాకు చదివించింది. ఏమిచ్చింది మా అమ్మ నాకు? పక్షవాతంతో మూడేళ్లు మంచాన పడి ఉంది. ఆపిల్ పండ్లు పట్టుకుని నేను వెళ్తే, "దానికి చాయ్ పొయ్యి," అని చెల్లెతో చెప్పేది, చుట్టానికి పోసినట్టు. ఒక్కనాడు నా చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోమనలేదు. అమ్మ ఒంటికి చెల్లె చెయ్యే కావాలి. ఒళ్లు తుడవాలన్నా, పక్క మార్చాలన్నా, నోట్లో ముద్ద పెట్టాలన్నా అదే. నేను ముట్టుకుంటే నొప్పి అనేది. ఇప్పుడు ఇయ్యవలసినదంతా ఇచ్చిందట!

కాగితం మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. "దిద్దిపిస్త తియ్యి," అన్నాను చెల్లెతో.

వారం తర్వాత ఇద్దరం కోరుట్లలోనే ఆ డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాం. అతను కాగితం అటూ ఇటూ తిప్పి నెత్తి గోక్కున్నాడు. "రాయించినామె ఉంటే ఒక్క పూటల మార్చుతుంటి మేడం. పోయినోళ్ల కాయిదాన్ని నేను దిద్దొద్దు, రిజిస్ట్రార్ సాబ్ గూడ దిద్దడు. పేరు మీదున్నది గనక, ఇల్లు మీరే మీ చెల్లె పేరు మీద గిఫ్ట్ రాసియ్యాలె. సగం రోజు పని. లేకపోతే కోర్టుకు పోవాలె, గది మాత్రం ఏండ్ల కొద్ది వడ్తది," అన్నాడు.

"కోర్టెందుకన్నా? అక్క రాసిస్తది," అంది చెల్లె. నన్ను అడగనైనా లేదు. సూర్యుడు పొద్దున్నే వస్తాడన్నంత ధీమా. ఆ ధీమా చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది. "ఆషాఢం పోనీ," అన్నాను.

ఆషాఢం పోయింది. శ్రావణంలో పెళ్లిళ్ల గిరాకీ అన్నాను. తర్వాత మోకాళ్ల నొప్పి అన్నాను. చెల్లె నాలుగుసార్లు జగిత్యాల వచ్చింది. వచ్చిన ప్రతిసారీ సర్వపిండి చేసి డబ్బాలో పెట్టి తెచ్చేది, నాకు ఇష్టమని. తిన్నాను. బాగా చేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. సంతకం మాత్రం పెట్టలేదు. మా ఆయన రెండుసార్లు చెప్పాడు. "ఇచ్చెయ్యరాదే. మనకేమన్న ఇల్లు లేదా? దానికి గా నీడ తప్ప ఏమున్నది?" అన్నాడు. "మీ అమ్మ నిన్ను గట్ల రాస్తే తెలుస్తుండె," అన్నాను.

నాలుగోసారి వచ్చినప్పుడు చెల్లె దుకాణం మెట్ల మీదే కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. "వకీలును కలిసిన అక్కా. బీడీలు చుట్టింది ఎవరో రుజువు జేస్తే కాయిదంల పేరు తప్పువడ్డా గాని చెల్లుతదట. గల్లీలున్నోళ్లు చెప్తే సాలట, ఏజెంటు చెప్తే సాలట," అంది. బెదిరించడానికి కాదు, నాకు శ్రమ తప్పుతుందన్నట్టు చెప్పింది. దానికి బెదిరించడం రాదు.

నాకు వచ్చు. "కోర్టుల ఏమని చెప్తవే?" అన్నాను. "నలభై ఏండ్ల సంది ఒకల కార్డు మీద చుట్టిన అని చెప్తవా? ఒక్క నువ్వేనా, మీ గల్లీల అందరి కార్డులు బయటవడ్తయ్. ఏజెంటు పని వోతది. నీకోసం ఎవలు నోరు తెరుస్తరో నేనూ సూస్త. రేపటి సంది నీకు ఆకిచ్చేటోడు ఎవడున్నడు?"

"నువ్వు చెప్తవా అక్కా గట్ల?"

"అవసరం వడితే చెప్త."

లేచి కొంగు దులుపుకుని ఎదురుగా ఉన్న బస్టాండు వైపు నడిచింది. కోరుట్ల బస్సెక్కేదాకా దుకాణంలోంచే చూస్తూ నిలబడ్డాను. పిలవాలనిపించలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఇన్నేళ్లకు అమ్మకు ఒక దెబ్బ తగిలినట్టు.

చెల్లె కోర్టుకు పోలేదు. కులసంఘం పెద్దల దగ్గర పెట్టింది. ఒక ఆదివారం కోరుట్ల సంఘం భవనంలో కూర్చోబెట్టారు. ముగ్గురు పెద్దమనుషులు, కుర్చీలో ఏజెంటు, గోడవారగా చాప మీద మా గల్లీ ఆడవాళ్లు పదిమంది దాకా. నేను, మా ఆయన ఒకవైపు. చెల్లె ఒక్కతే ఇంకోవైపు. దాని పక్కన ఒక సంచి.

"కోర్టుల సుట్టు తిరుగుడెందుకు, మనల మనమే తెంపుకుందాం," అన్నాడు పెద్దాయన. "బీడీలు చుట్టి తల్లిని సాకిన బిడ్డకు ఇల్లు అని రాసున్నది. గా చుట్టింది ఎవరో తేలితే అయిపోతది. ఒప్పుకున్నది కాయిదం మీద రాసి దస్కత్ వెట్టాలె."

ముందు ఏజెంటును అడిగారు. అతను చెల్లె వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పాడు. "రిజిస్టర్ల పెద్దామె పేరే ఉన్నది. ఫొటో గూడ ఆమెదే, దస్కత్ ఆమెదే. కార్డు ఎవరిదైతే వాళ్లే చుట్టినట్టు. నాకు గంతే ఎరుక." ఇరవై ఏళ్లుగా ప్రతి పొద్దునా చెల్లె చేతికి ఆకు తూచి ఇచ్చినవాడు.

తర్వాత ఆడవాళ్లను అడిగారు. ఒకామె, "మా పని మేం జేస్కుంటం, ఒకలది మాకెందుకు," అంది. ఇంకొకామె, "తెల్వది," అంది. మిగిలినవాళ్లు తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు. అమ్మ దినాలకు వచ్చి చెల్లెను పట్టుకుని ఏడ్చినవాళ్లే. వాళ్లను నేను తప్పుపట్టను. ఒక్కరు నిజం చెబితే, మరి నీ కార్డు ఎవరిదమ్మా అని మరుక్షణం అడుగుతారు. ఆ భయం మీద లెక్క వేసుకునే నేను అక్కడ కూర్చున్నాను.

చెల్లె సంచిలోంచి చాట తీసింది. దాంట్లో తడిపిన ఆకు, కొంచెం తంబాకు, దారపు ఉండ. లేచి వచ్చి నా ఒళ్లో పెట్టింది.

"అక్కా, ఒక్కటి చుట్టు," అంది. "ఒక్కటంటే ఒక్కటి. చుడితే ఇల్లు నీదే. నేను గిట్నుంచి గిట్లనే వోత."

తంబాకు ఘాటు ముక్కుకు కొట్టింది. ఆకు ఏ వైపు తిప్పి పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. మా ఆయన నా చెవి దగ్గర, "ఇగ చాలు, ఒప్పుకో," అని గొణిగాడు. ఒప్పుకుని ఉంటే పదిమందిలో నవ్వులపాలయ్యేదాన్ని, అంతే. ఇల్లు పోయేది, కొంత పరువు పోయేది, చెల్లె మళ్లీ సర్వపిండి తెచ్చేది. ఇవన్నీ ఆ క్షణంలోనే తట్టాయి. తెలియక చేశానని అనుకోకండి.

"నాకు చేతులు వణుకుతున్నయ్," అన్నాను. "షుగర్ వచ్చినకాడి నుంచి వేళ్లల్ల సత్తువ లేదు. చుట్టే కాలంల చుట్టిన. ఇప్పుడు చుట్టుమంటే ఎట్లొస్తది?"

పెద్దాయన నా ముఖం చూశాడు. ఆయన భార్య కూడా బీడీలు చుడుతుంది. ఎవరి కార్డు మీదనో నాకు తెలియదు, తెలుసుకుంటానేమోనని ఆయన భయపడ్డాడో ఏమో. "అవును, వయసు వడ్డది," అన్నాడు కిందికి చూస్తూ.

చెల్లె నా ఒళ్లోంచి చాట తీసుకుని అక్కడే నేల మీద కూర్చుంది. ఆకు మడిచింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది, బొటనవేలి గోటితో మూతి మడిచింది. చూపు చేతుల మీద లేదు, ఆడవాళ్ల మీద ఉంది. ఒకటి చుట్టి పక్కన పెట్టి ఇంకొకటి. అలా ఎనిమిదో పదో చుట్టింది.

"పిన్నీ, నువ్వు చెప్పు," అంది ఆ ఆడవాళ్లలో పెద్దామెతో. "అక్కనే చుట్టింది, మంచిది. మరి గిన్నేండ్లు నీ పక్కపొంటి కూసోని నేనేం జేసిన?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

స్టాంపు కాగితం మీద ముందే రాసి పెట్టారు. కార్డు నాదని, ఆ బీడీలు చుట్టింది నేనేనని, వీలునామాలో పేరు సరిగ్గానే ఉందని. కింద ఖాళీ. పెద్దాయన పెన్ను ఇచ్చాడు. రెండు పేజీలు, అయిదు చోట్ల. గబగబా పెట్టేశాను. కాలేజీలో నేర్చుకున్న సంతకం, గుండ్రంగా, గీత తప్పకుండా ఉంటుంది. తలెత్తి చూస్తే పెద్దాయన, ఏజెంటు, ఆడవాళ్లు, మా ఆయన, అందరూ నా చేతినే చూస్తున్నారు. అది ఇసుమంతైనా వణకలేదు. అందరూ చూశారు.

"చేతులు మంచిగనే ఉన్నయ్ గదక్కా," అంది చెల్లె. అది కూడా ఎత్తిపొడుపులా అనలేదు, నాకు ఒంట్లో బాగుందని సంతోషపడ్డట్టు అంది. చుట్టిన బీడీలు కట్టగా కట్టి చాట సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ చేయమని నేను చెప్పాల్సిన పని పడలేదు. తెల్లారి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, కోరుట్లలోనే ఒక రేకుల గది కిరాయికి తీసుకుందట. బీడీలు చుట్టుకుని బతుకుతానందట.

పది రోజులకు ఏజెంటు నాకు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "అక్కా, కార్డు నీదని, నువ్వే చుట్టినవని రాసిస్తివి. గా కాయిదం కంపెనీ దాక పోయింది. ఇగ చిన్నామెకు నీ కార్డు మీద ఆకియ్యస్తలేదు. నువ్వు ఒక్క మాట చెప్తే, నీకు చెల్లె సాయం జేస్తదని రాసుకోని ఏదో ఒకటి నడిపిస్త. లేకపోతే ఆకు నువ్వే తీస్కోవాలె, లేదంటే కార్డు రద్దు జేపియ్యాలె. ఆమె వారం సంది పొద్దుగాలొచ్చి కార్ఖానా కాడ నిలవడ్తున్నది. నేనేం జెప్పాలె?"

దుకాణంలో గిరాకీ ఉంది. ఎవరో పట్టుచీర విప్పి చూపమంటున్నారు. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఖర్చేమీ లేదు. అంటే మాత్రం చుట్టింది అదేనని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు.

"నాకు చేతనైతలేదు తమ్మీ," అన్నాను. "రద్దు జెయ్యి."

ఇప్పుడు అది సిరిసిల్లలో ఉంటోంది. ఏ ఊళ్లో మొగుడు వెళ్లగొట్టాడో ఆ ఊళ్లోనే, ఎవరిదో సాంచెల షెడ్డులో నూలు కండెలు చుడుతోందని విన్నాను. ఆ రోజు ఫోను పెట్టేశాక చీరల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఏజెంటు నంబరు ఫోనులో పైనే ఉంది, నొక్కితే ఆ ఒక్క మాట చెప్పొచ్చు. నొక్కలేదు. ముఖం కడుక్కుని వచ్చి చీర విప్పి చూపించాను.